ఇంట్లో గచ్చు, సోఫా, గోడలు నాకే కుక్క: ముందు పొట్ట సంగతి చూడండి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ బ్రూనోకి మూడేళ్లు. నాలుగైదు నెలలుగా గచ్చు, సోఫా చేతులు, మంచం పక్క గోడ నాకుతున్నాడు. రాత్రి తిండి పెట్టిన కాసేపటికి మొదలుపెట్టి అర్ధరాత్రి దాకా అదే పని. అరిస్తే ఆగుతాడు, పక్క గదిలోకి వెళ్లి మళ్లీ అందుకుంటాడు. సోఫాకి చేదు స్ప్రే కొడితే సోఫా వదిలేసి గోడ పట్టుకున్నాడు. వారానికోసారి తెల్లవారుజామున పసుపుపచ్చ నీళ్లు కక్కుతాడని చివర్లో ఒక్క ముక్క రాశారు. ఈ అలవాటు ఎలా మాన్పించాలి, రాత్రిపూట మూతికి బుట్ట కట్టి పడుకోబెట్టచ్చా అన్నవి మీ రెండు ప్రశ్నలు.

చివర్లో రాసిన ఆ ఒక్క ముక్కే నా చేత ఇంత రాయిస్తోంది. నేను పదిహేడేళ్లుగా కుక్కలకి ట్రైనింగ్ ఇస్తున్నాను, డాక్టర్ని కాను. గచ్చు నాకే కుక్కని తీసుకొచ్చి ‘ఈ అలవాటు మాన్పించండి’ అని అడిగినవాళ్లు చాలామంది. మొదట్లో నేనూ అలవాటే అనుకుని పని మొదలుపెట్టేవాణ్ణి. ఇప్పుడు పొట్ట పరీక్ష అయ్యేదాకా ట్రైనింగ్ మాట ఎత్తను. మా కుక్క జూలీ వల్ల నేర్చుకున్నాను ఇది.

జూలీకి అప్పుడు నాలుగేళ్లు. రాత్రి లైట్లు ఆర్పాక హాల్లోంచి చప్పుడు వచ్చేది, తడిగుడ్డతో ఒకేచోట మళ్లీ మళ్లీ తుడుస్తున్నట్టు. వెళ్లి చూస్తే గోడవార ఎప్పుడూ అదే పలక ముందు నిలబడి ఉండేది. మెడ ముందుకి చాచి, చెవులు వెనక్కి వేసి, నాకడం, ఆగి గుటక వేయడం, మళ్లీ నాకడం. పలక మీద అరచేతి వెడల్పున తడి. పేరు పెట్టి పిలిస్తే తోక ఒకసారి కదిపి నా వంక చూసేది. నన్ను చూస్తున్నప్పుడు కూడా గుటకలు వేస్తూనే ఉండేది. ఆ గుటకల్ని నేను రెండు నెలలు పట్టించుకోలేదు. నిద్ర చెడి విసుగొచ్చి కసిరాను. ఒక రాత్రి గది బయట పెట్టి తలుపు వేస్తే తలుపు చెక్క నాకుతూ కూర్చుంది. ఆ తర్వాత చేసిన ఎండోస్కోపీలో దాని పేగుల లోపలి పొర వాచిపోయి ఉందని తేలింది. కడుపులో తిప్పుతున్న జీవాన్ని రెండు నెలలు కసురుకున్నానన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

ఇది జూలీ ఒక్కదాని సంగతే అయితే ఇంత గట్టిగా చెప్పేవాణ్ణి కాదు. కెనడాలోని మాంట్రియల్ యూనివర్సిటీ పశువైద్యులు సరిగ్గా ఇలాంటి కుక్కల మీదే చేసిన అధ్యయనం 2012లో వచ్చింది. ఇంట్లో గచ్చూ గోడలూ సామాన్లూ అతిగా నాకే 19 కుక్కల్ని, ఆ అలవాటు లేని 10 కుక్కల్ని పక్కపక్కన పెట్టి పరీక్షించారు. నాకే 19 కుక్కల్లో 14 కుక్కలకి జీర్ణవ్యవస్థలో ఏదో ఒక తేడా బయటపడింది. కొన్నింటికి కడుపు, పేగుల పొరల్లో వాపు. కొన్నింటికి తిన్నది కడుపులోంచి కిందికి దిగడం ఆలస్యం. పాంక్రియాస్ (జీర్ణరసాలు తయారుచేసే గ్రంథి) వాపు, జియార్డియా అనే పరాన్నజీవి, కడుపులో ఇరుక్కున్న వస్తువు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. దొరికిన జబ్బుకి మందు ఇచ్చి 90 రోజులు గమనిస్తే, 17 కుక్కల్లో 9 నాకడం పూర్తిగా మానేశాయి. 19 కుక్కలంటే చిన్న లెక్కే. అయినా అంతవరకూ మనసుకి సంబంధించిన సమస్యగానే చూస్తూ వచ్చినదాని వెనక ఇంత పెద్ద వంతు పొట్ట జబ్బు ఉందని అది చూపించింది.

వాంతి వచ్చేముందు మన నోట్లో నీళ్లు ఊరతాయి కదా. కుక్కకీ అంతే. కడుపులో తిప్పినప్పుడు చొంగ ఊరుతుంది, పెదాలు నాక్కుంటుంది, గాలి నాకుతుంది, గుటకలు మింగుతుంది, గడ్డి కోసం బయటికి లాగుతుంది. గడ్డి దొరకనప్పుడు ఎదురుగా ఏముంటే అది: గచ్చు, కార్పెట్, గోడ. అందుకే చేదు స్ప్రే పనిచేయలేదు. వాడికి సోఫా రుచి మీద మోజు లేదు. నాకడం అవసరమైంది, సోఫా చేదైంది, గోడ దొరికింది. గోడకీ కొడితే తలుపు వెతుక్కుంటాడు, తలుపుకీ కొడితే తన కాళ్లే నాక్కుంటాడు. పుండు పడేదాకా కాళ్లు నాక్కున్న కుక్కల్ని చూశాను. స్ప్రే సీసా దయచేసి పక్కన పెట్టేయండి.

మీరు రాసినదాంట్లో నాకు మూడు గుర్తులు కనిపిస్తున్నాయి. తిన్న తర్వాత మొదలవుతోంది. ఒక వస్తువు మీద కాకుండా ఏది దొరికితే దాని మీదికి మారుతోంది. తెల్లవారుజామున పసుపు నీళ్లు వస్తున్నాయి. ఆ పసుపు పైత్యరసం. రాత్రి తిన్నదానికీ పొద్దున తినేదానికీ మధ్య ఎక్కువ గంటలు గడిచి కడుపు ఖాళీ అయితే, పేగుల్లోని పైత్యరసం పైకి ఎగదన్ని కడుపు పొరని మండిస్తుంది. ఈ మూడూ కలిశాక నేనైతే ఒక్క రోజు కూడా ట్రైనింగ్ మీద వృథా చేయను.

డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు ఒక వారం రాసి పెట్టండి. నోట్‌బుక్కో ఫోనో, ఏదైనా సరే. ఎన్నింటికి తిన్నాడు, ఏం తిన్నాడు, ఎన్నింటికి నాకడం మొదలైంది, ఎంతసేపు, మోషన్ ఎలా ఉంది, కక్కాడా. పొట్టలో గుడగుడ శబ్దాలుంటే అదీ. అన్నింటికంటే ముఖ్యం వీడియో. క్లినిక్ బల్ల మీద ఏ కుక్కా గచ్చు నాకి చూపించదు. భయంతో బిగుసుకుపోతుంది, డాక్టర్‌కి ఆరోగ్యంగా ఉన్న కుక్కే కనిపిస్తుంది. కాబట్టి రాత్రిపూట రెండు మూడు నిమిషాల వీడియోలు తీయండి. వీడియో తీస్తూ మాట్లాడకండి, పిలవకండి. గొంతు కనబడేలా పక్క నుంచి తీయండి, గుటకలు స్పష్టంగా తెలుస్తాయి. ఒక్క వీడియోలో మాత్రం మధ్యలో పేరు పెట్టి పిలవండి. పిలిస్తే తల తిప్పి చూస్తున్నాడా, లేక అసలు వినబడనట్టు, కళ్లు ఎటో పెట్టి నాకుతూనే ఉన్నాడా అన్నది డాక్టర్‌కి చాలా పనికొస్తుంది. మెదడులో ఒక చిన్న భాగానికే వచ్చే ఫిట్స్ కొన్ని కుక్కల్లో ఇలాగే ఉంటాయి: ఒళ్లు కొట్టుకోదు, పడిపోదు, నోరు మాత్రం ఆడుతూ ఉంటుంది. బ్రూనో అరిస్తే ఆగుతున్నాడంటే అది కాకపోవచ్చు, అయినా చూడటం మంచిది.

డాక్టర్ ముందుగా నోరు చూడాలి. నవ్వులాటకి కర్ర కొరికినప్పుడు పుల్ల ముక్క పై అంగిట్లో రెండువైపుల పళ్ల మధ్య అడ్డంగా ఇరుక్కుపోవడం మామూలే, నాలుకతో దాన్ని తోసుకుంటూనే ఉంటుంది. పుచ్చిన పన్నో, చిగుళ్ల వాపో ఉన్నా నాకుతుంది. ఆ తర్వాత మోషన్ పరీక్ష. జియార్డియా రోజూ మోషన్‌లో బయటపడదు, ఒకరోజు ఉండి మరో రోజు ఉండదు. అందుకే రోజు విడిచి రోజు తీసిన మూడు శాంపిళ్లు ఇస్తే దొరికే అవకాశం పెరుగుతుంది. రక్త పరీక్షలో లివర్, కిడ్నీ, రక్తహీనత చూస్తారు. పిడుదుల వల్ల వచ్చే జ్వరాలతో రక్తం తగ్గిన కుక్కలు తిండి కానివి నాకడం, తినడం ఉంది. పాంక్రియాస్ పరీక్ష, పొట్ట స్కానింగ్ ఆ తర్వాతి మెట్టు.

ఇంకో పరీక్ష సంగతి మీరే గుర్తు చేయండి. కొన్నాళ్లు బాగుండి, కొన్నాళ్లు నీరసపడి, కక్కుతూ, మళ్లీ వాడంతట వాడే తేరుకుంటుంటే కార్టిసాల్ అనే హార్మోన్ చూడమనండి. ఆ హార్మోన్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులు సరిగా పనిచేయని జబ్బు అచ్చం మామూలు అజీర్తిలా దోబూచులాడుతుంది. గుర్తిస్తే మందులతో బాగానే బతుకుతుంది. గుర్తించకపోతే ఒకరోజు హఠాత్తుగా ప్రాణం మీదికి తెస్తుంది.

మీ ఇంట్లో ఉన్న గ్యాస్ మాత్ర మీరే ఇవ్వకండి. కుక్కలకీ ఆ రకం మందులు వాడతారు, నిజమే. కానీ డోసు బరువుని బట్టి ఉంటుంది, జబ్బుని బట్టి మందే మారుతుంది. పైగా యాసిడ్ తగ్గించే కొన్ని మందులు వారాల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే యాసిడ్ ముందుకంటే ఎక్కువగా ఎగదన్నుతుంది, మెల్లగా తగ్గించాలి. ఇక మనుషులకి వేసే నొప్పి మాత్రలైతే కడుపులో పుండ్లు పెడతాయి. అవి అసలు దరికి రానివ్వకండి.

తిండి విషయంలో రెండు పనులున్నాయి. ఒకటి ఈ రాత్రే చేయచ్చు: రోజుకి పెట్టే మొత్తాన్ని పెంచకుండా మూడు భాగాలు చేసి, అందులో చిన్న భాగం పడుకునే ముందు పెట్టండి. కడుపు పొద్దున్న దాకా పూర్తిగా ఖాళీగా ఉండదు. పసుపు నీళ్లు కక్కే చాలా కుక్కలకి ఈ ఒక్క మార్పుతోనే తేడా కనిపిస్తుంది. రాత్రి తిండిలో కొవ్వు తగ్గించండి, కొవ్వు కడుపులో ఎక్కువసేపు నిలుస్తుంది. బ్రూనోకి తిన్న తర్వాతే ఎక్కువవుతోంది కాబట్టి ఒకేసారి గిన్నెడు పెట్టడం మానేయడం రెండు విధాలా మేలే.

రెండోది డాక్టర్ చెప్పాక చేయాల్సింది. తిండిలోని ఏదో ఒక ప్రొటీన్ పడటం లేదని అనుమానం వస్తే డైట్ ట్రయల్ పెడతారు. ఇంతవరకూ ఎప్పుడూ తినని మాంసంతో చేసిన తిండి గానీ, ప్రొటీన్‌ని చిన్నచిన్న ముక్కలుగా విడగొట్టిన ప్రత్యేక తిండి గానీ ఇస్తారు. వాంతులు, మోషన్ల మీద దాని ఫలితం చాలాసార్లు రెండు వారాల్లోనే కనిపిస్తుంది. నాకడం తగ్గడానికి మాత్రం ఇంకా టైమ్ ఇవ్వండి. జూలీకి ఆరో వారంలో గానీ మొదటి నిశ్శబ్దమైన రాత్రి రాలేదు. ఆ రోజుల్లో ఇంట్లో వేరే ఏదీ నోట్లో పడకూడదు. ఇక్కడే అందరి ట్రయల్సూ చెడిపోతాయి. పిల్లలు కింద పడేసిన ముక్క, పక్కింటివాళ్లు ముద్దుకి పెట్టిన బిస్కెట్, మాంసం రుచి కలిపిన నులిపురుగుల మాత్ర, నమిలే ఎముక, రుచి ఉన్న టూత్‌పేస్ట్. ఒక్క బిస్కెట్‌కి ఏమవుతుందిలే అనుకుంటారు. అదే పడని ప్రొటీన్ అయితే ఆ బిస్కెట్‌తో వారాల కష్టం పోతుంది, పైగా ‘ఈ తిండి కూడా పనిచేయలేదు’ అని తప్పు లెక్కకి వస్తాం. ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి చెప్పండి.

ఇప్పుడు గచ్చు సంగతి. గచ్చు నాకే కుక్క ఉన్న ఇంట్లో మీరు దేంతో తుడుస్తున్నారన్నది చాలా ముఖ్యం. నేల మీద క్రిముల్ని చంపే మందుల్లో చాలావాటిలో బెంజాల్కోనియం క్లోరైడ్ లాంటి రసాయనాలుంటాయి. అవి నాలుకకి, చిగుళ్లకి తగిలితే పుండ్లు పడతాయి. కొన్ని గంటల తర్వాత గానీ చొంగ కారడం, తినకపోవడం మొదలవదు, కాబట్టి తుడిచినదానికీ దీనికీ సంబంధం ఉందని మనకి తట్టదు. ఫినాయిల్, బ్లీచింగ్ కూడా మంచివి కావు. కొన్నాళ్లు వేడినీళ్లు, కొద్దిగా గిన్నెలు తోమే సోప్‌తో తుడిచి, తర్వాత ఒట్టి నీళ్లతో ఇంకోసారి తుడవండి. ఆరేదాకా బ్రూనోని ఆ గదిలోకి రానివ్వకండి. ఇలా చేస్తే ఇంకో లాభం కూడా ఉంది: నూనె చుక్కలు, ఉప్పు, తిండి వాసన పోతాయి. కేవలం వాటి కోసమే వంటగది గచ్చు నాకే కుక్కలూ ఉన్నాయి. ఆ రకం కుక్క వంటగది దాటి రాదు, తుడిచాక ఆపేస్తుంది. బ్రూనో ఆ కోవలోకి రాడనే నా అంచనా.

సోఫా చేతులు అన్నారు కాబట్టి ఒకమాట. సోఫా చేతుల మీద మన చేతుల చెమట, మనం రాసుకున్న క్రీములు ఉంటాయి. ఇంట్లో ఎవరైనా నొప్పుల జెల్, జుట్టు పెరగడానికి వేసే మినాక్సిడిల్, చర్మానికి ఫ్లోరోయూరాసిల్ గానీ కాల్సిపోట్రియోల్ గానీ ఉన్న క్రీములు వాడుతున్నారా చూడండి. వీటిలో కొన్ని అతి తక్కువ మోతాదులోనే కుక్క ప్రాణం తీస్తాయి, ఫ్లోరోయూరాసిల్ ముఖ్యంగా. రాసుకున్న చేయి ఆనించే చోట, పడుకునే దిండు మీద కవర్ వేసి రోజూ ఉతకండి. ఆ చేతుల్ని నాకనివ్వకండి.

డాక్టర్ చూసి, పొట్ట బాగుందనో, మందు పడుతోందనో అన్నాక అప్పుడు మన పని మొదలవుతుంది. జబ్బు తగ్గాక కూడా నాకడం కొంత మిగిలిపోవచ్చు, ఎందుకంటే నెలల తరబడి చేసిన పని అలవాటుగా కుదురుకుంటుంది. పైగా నాకినప్పుడల్లా మనం స్పందించాం. మనకి అది తిట్టు. రోజంతా ఒంటరిగా ఉన్న కుక్కకి అది మాట. ‘నాకితే నా వైపు చూస్తారు’ అని నేర్చుకుంటుంది. భయపడే కుక్కకైతే తిట్టు ఇంకా టెన్షన్ పెంచుతుంది, టెన్షన్ తగ్గించుకోవడానికి ఇంకా నాకుతుంది. ఏ రకంగా చూసినా అరుపు మనకే ఎదురు తిరుగుతుంది.

అరుపు బదులు పిలుపు నేర్పండి. నేను ‘ఇటు’ అనే చిన్న మాట వాడతాను. పగలు, నాకని వేళల్లో, వాడు ప్రశాంతంగా ఉన్నప్పుడు మొదలుపెట్టాలి. రెండడుగుల దూరంలో నిలబడి మామూలు గొంతుతో ‘ఇటు’ అనండి, వాడు తల తిప్పగానే మీ కాళ్ల దగ్గర వాడికి పడే తిండి గింజ ఒకటి వేయండి. రోజుకి పది పన్నెండు సార్లు, వారం రోజులు. తర్వాత దూరం పెంచండి, పక్క గదిలోంచి పిలవండి. మాట వినగానే ఒళ్లంతా తిరిగి మీ వైపు వచ్చేదాకా నాకే సమయంలో వాడకండి. తొందరపడి వాడితే ఆ మాట అరిగిపోతుంది.

మాట కుదిరాక, రాత్రి నాకడం మొదలవగానే, అంటే మొదటి రెండు మూడు సార్లు నాలుక తగలగానే ‘ఇటు’ అని పిలిచి వేరే పని ఇవ్వండి. పని అంటే నోటికి, ముక్కుకి పని. వాడి రాత్రి తిండిలోంచి కొన్ని గింజలు తీసి పాత తువ్వాలులో చుట్టి ఇవ్వచ్చు, ముక్కుతో విప్పుకుంటూ పది నిమిషాలు గడిపేస్తాడు. నమలడానికి గట్టి రబ్బరు బొమ్మ ఇవ్వచ్చు. నాకే చాప అని రబ్బరుతో చేసినవి దొరుకుతాయి. వాటి మీద డాక్టర్ ఒప్పుకున్న మెత్తటి తిండే పూయండి. పీనట్ బటర్ పూయాలనుకుంటే డబ్బా మీద చదివి చూసుకోండి. జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటే కుక్కకి షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది, లివర్ దెబ్బతింటుంది. పాంక్రియాస్ సమస్య ఉన్న కుక్కకి కొవ్వున్న తిండి ఏదీ పూయకూడదు.

ఒక పొరపాటు చాలామంది చేస్తారు: నాకగానే తిండి చేతికిస్తారు. నాలుగు రోజుల్లో కుక్క గచ్చు ఒకసారి నాకి మీ ముఖం వంక చూడటం మొదలుపెడుతుంది. నాకడానికీ తిండికీ మధ్య వేరే పని ఉండాలి. పిలవండి, నాలుగడుగులు మీతో నడిపించండి, వాడి పరుపు మీద కూర్చోమనండి, అప్పుడు ఇవ్వండి. ఇంకా మంచిది, నాకే టైమ్ మీకు తెలుసు కాబట్టి దానికి పావుగంట ముందే పని ఇచ్చేయండి. నాకకుండా పరుపు మీద పడుకుని ఉన్న క్షణాల్లో వెళ్లి నిమిరితే వాడికి అదే అసలు పాఠం.

సాయంత్రం నడక గురించి మీరేమీ రాయలేదు. బరబర లాక్కుంటూ నడిపించే అరగంటకంటే వాసనలు చూసుకోనిస్తూ నిదానంగా నడిచే అరగంట కుక్కని ఎక్కువ తృప్తిపరుస్తుంది. నడక తిండికి ముందు ఉండాలి. పెద్ద ఛాతీ ఉన్న జాతి అయితే తిన్న వెంటనే పరుగులు వద్దు.

ఇవన్నీ చేసినా, పొట్ట బాగానే ఉన్నా, వాడు తిండి మాని, పిలిచినా రాక, గంటల కొద్దీ నాకుతూనే ఉంటే అది కంపల్సివ్ ప్రవర్తన కావచ్చు. మనుషుల్లో చేతులు పదే పదే కడుక్కునే జబ్బుకి దగ్గరిది. దానికి ఫ్లూఆక్సెటిన్, క్లోమిప్రమీన్ లాంటి మందులు డాక్టర్ ఇస్తారు. పనిచేయడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, మొదటి రెండు వారాల్లో ఆకలి తగ్గి మందకొడిగా అనిపించచ్చు. మానసిక మందులని జనం భయపడతారు గానీ, అవసరమైన కుక్కకి అవి ఇవ్వకపోవడమే అన్యాయం. పొట్ట చూడకుండా మొదటి రోజే అవి రాసిస్తే మాత్రం ఇంకో డాక్టర్ అభిప్రాయం తీసుకోండి. పెద్ద వయసు కుక్కల్లో, తొమ్మిది పదేళ్లు దాటినవాటిలో, రాత్రిళ్లు తిరగడం, మూలల్లో నిలబడిపోవడం, దానితో పాటు గోడలు నాకడం ఉంటే మతిమరుపు మొదలైందేమో చూడాలి. బ్రూనో వయసుకి అది వర్తించదు. నెలల పిల్ల కుక్క గచ్చు రుచి చూసిందంటే కంగారు పడక్కర్లేదు, దానికి లోకం తెలిసేదే నోటితో.

కొన్ని సందర్భాల్లో వారం రోజుల వీడియోలు తీస్తూ కూర్చోకూడదు. ఉన్నట్టుండి పిచ్చిపట్టినట్టు కార్పెట్, గచ్చు, గడ్డి ఏది దొరికితే అది నాకుతూ మింగుతూ గుటకలు వేస్తుంటే వెంటనే ఆపి ఒళ్లో కూర్చోబెట్టుకోండి. ఆ ఊపులో దారాలు, గుడ్డ ముక్కలు మింగేస్తుంది. దారం పేగులో ఇరుక్కుంటే పేగుని కుచ్చిళ్లు కుచ్చిళ్లుగా ముడిచి కోసేస్తుంది. మోషన్ వచ్చే చోట దారం కొస వేలాడుతూ కనిపిస్తే చేత్తో లాగకండి, అలాగే తీసుకెళ్లండి. కక్కడానికి ప్రయత్నిస్తూ ఏమీ బయటికి రాకపోవడం, పొట్ట ఉబ్బి బిగుసుకోవడం, కూర్చోలేక పడుకోలేక తిరగడం కనిపిస్తే అది కడుపు మెలి పడటం కావచ్చు. గంటల్లో ఆపరేషన్ జరగాలి. తెల్లారేదాకా ఆగకండి. కక్కినదాంట్లో రక్తం, తారులా నల్లటి మోషన్, రెండు పూటలు తిండి ముట్టకపోవడం, వీటికి కూడా అదేరోజు చూపించాలి.

ఇక మూతి బుట్ట. రాత్రిపూట కట్టకండి. కడుపులో తిప్పే కుక్కకి బుట్ట కట్టి మనం నిద్రపోతే, వాడు కక్కినప్పుడు అది బయటికి పోయే దారి సరిగా ఉండదు, ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. నోరు బిగించి కట్టేవైతే నాలుక బయటపెట్టి వగర్చుకునే వీలు కూడా ఉండదు, ఒంటి వేడి పెరిగిపోతుంది. మెడ చుట్టూ వేసే గరాటు లాంటి కాలర్ కూడా గోడని అడ్డుకుంటుందే తప్ప వికారాన్ని తగ్గించదు. డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరికేదాకా మీరు చేయగలిగింది ఇది: పడుకునే ముందు ఆ చిన్న ముద్ద పెట్టండి. వాడి పరుపు మీ మంచం పక్కకే లాగండి. దారాలు వచ్చే కార్పెట్లు, రగ్గులు చుట్టి పైన పెట్టేయండి. నీళ్లు అందేలా ఉంచండి. గచ్చు ఒట్టి నీళ్లతో తుడిచి ఉంటుంది కాబట్టి కొద్దిగా నాకినా ఫర్వాలేదు. చప్పుడు వినిపిస్తే లైటు వేసి గొంతు చూడండి, టైమ్ రాసుకోండి, చెయ్యి వాడి పక్కన ఆనించి ఉంచండి. జూలీ చాలా రాత్రులు ఆ చెయ్యి ఉంటేనే నాకడం ఆపి తల వాల్చేది.